బుడమేరులో మునిగిన కారుకు తుప్పు: 15,000లో బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

సింగ్‌నగర్ మూటలబండి

అందరికీ నమస్కారం. నాది 2011 మోడల్ చిన్న కారు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు సీట్ల దాకా మునిగింది. వారం దాటితే గాని బయటికి లాగలేకపోయాం. థర్డ్ పార్టీ బీమా తప్ప ఇంకేమీ లేదు. చేతిలో ఉన్న డబ్బంతా అప్పుడే ఇంజిను, వైరింగు మింగేశాయి. బాడీ గురించి ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఎడమ వైపు తలుపుల కింద రన్నింగ్ బోర్డు పొడవునా రంగు పొక్కులు లేచింది. వేలితో నొక్కితే అప్పడంలా పటపటమంటోంది. వెనక మడ్‌గార్డు అంచు కూడా ఎర్రబడింది. ఆటోనగర్‌లో ఇద్దరిని అడిగాను. ఒకాయన గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టి 9,000కు ఇస్తానన్నాడు. రెండో ఆయన పొక్కుల వైపు చూడనైనా చూడలేదు. నేల మీద పడుకుని కింద చూసి, రెండు వైపులా కోసి కొత్త రేకు వేయాలి, 28,000 అవుతుందన్నాడు. నా దగ్గర ఉన్నది 15,000. ఈ నవంబరుకు పదిహేనేళ్లు నిండుతాయి, ఆర్‌సీ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. వన్‌టౌన్ నుంచి గుడివాడ, నూజివీడు కొట్లకు బట్టల మూటలు వేసుకుని తిరిగేది ఈ బండి మీదే. ఏమి చేయమంటారు?

గుంటూరు చిట్టాపద్దు

వదిలించుకోండి. వరదలో మునిగిన బండి మీద పెట్టే ప్రతి రూపాయీ బుడమేరులో వేసినట్టే. రిజిస్టరైన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే ధ్రువపత్రం ఇస్తారు. దాని మీద కొత్త సొంత వాహనం కొంటే పన్నులో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనల్లో వీలుంది. ఈ 15,000 దానికి తొలి వాయిదా అనుకోండి.

సింగ్‌నగర్ మూటలబండి

కొత్త బండి కొనే స్తోమత ఉంటే ఈ ప్రశ్నే అడగను కదండీ.

పాత లారీ

కాలిన ఇంజిన్ ఆయిలు కింద అంతా కొట్టించండి. మా నాన్నగారి హయాం నుంచి లారీలకు అదే మందు. ఖర్చు దాదాపు సున్నా. తుప్పు దగ్గరికి రాదు.

ఆటోనగర్ టింకరు

తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా రేకు కొడుతున్నాను. కాస్త ఓపికగా చదువు.

ఆ పొక్కు బయట మొదలైంది కాదు. రన్నింగ్ బోర్డు అంటే నీకు కనిపించే ఒక్క రేకు అనుకోకు. రెండు మూడు రేకులు కలిపి చేసిన బోలు పెట్టె అది. అందులోకి చేరిన నీళ్లు దిగిపోవడానికి అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. వరద నీటితో పాటు సన్నటి ఒండ్రు లోపలికి వెళ్లి, నీళ్లు దిగేటప్పుడు ఆ రంధ్రాల మీదే పేరుకుంటుంది. పైన ఎంత ఎండ కాసినా లోపల కుండ అడుగులా చెమ్మగానే ఉంటుంది. రేకు లోపలి నుంచి తిని తిని, చివరికి రంగు దాకా వచ్చి పొక్కు అవుతుంది. నువ్వు పొక్కు చూసేసరికి లోపల కథ చాలా దూరం నడిచి ఉంటుంది.

ఇక 9,000 పని గురించి. ఆయన మోసగాడని నేను అనను. అలాంటి పని నేనే లెక్కలేనన్ని బళ్లకు చేసి ఇచ్చాను. అవన్నీ అమ్మకానికి పెట్టిన బళ్లు. వాటి యజమానులకు కావలసింది రెండు నెలల నిగారింపు. లప్పం నీటిని పీల్చుకుంటుంది. దాని వెనక రేకు లేకపోతే ఒక్క వానాకాలానికే బిళ్లలా ఊడి చేతికి వస్తుంది. నువ్వు మూటలు మోస్తావు. ఈ కార్లకు లారీలా అడుగున వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందులో రన్నింగ్ బోర్డు ముఖ్యం.

అలాగని 28,000 ఇవ్వమనీ అనను. ముందు ఎక్కడ ఎంత పోయిందో నువ్వే చూడు. మ్యాట్లు, వాటి కింది జనపనార పట్టీ మొత్తం తీసెయ్యి. స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పో. గట్టి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు డబ్బుమంటుంది. డబ్బుమన్న చోట మొనతో గట్టిగా గుచ్చు. మొహమాటపడకు, గుచ్చితే దిగే రేకు ఎలాగూ రేకు కాదు. జాకీ పెట్టే నాలుగు చోట్లూ తప్పకుండా చూడు. చూసి ఇక్కడ రాయి.

కొరిటెపాడు మాస్టారు

టింకరు గారి మాటతో చాలా వరకు ఏకీభవిస్తాను. కాని తుప్పు కనిపించిన ప్రతి చోటా కోత అక్కరలేదు. మడ్‌గార్డు అంచులాంటి పైపై తుప్పును వైరు బ్రష్‌తో రాలిపోయేదంతా రాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మార్పిడి మందు పలుచగా పూస్తే మిగిలిన తుప్పు ఇనుప ఫాస్ఫేటుగా మారుతుంది. సీసా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, మిగిలిన ఆమ్లాన్ని తుడిచి, ఎపాక్సీ ప్రైమరు, ఆపైన రంగు. ఆమ్లం మిగిలి ఉంటే ఎపాక్సీ సరిగా పట్టదు. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక్కటే కొట్టి వదిలేయడం మన దగ్గర పెద్ద అలవాటు. దానిలో నుంచి చెమ్మ దూరుతుంది. పైన రంగు లేనిదే అది కాపలా కాయదు.

పాత లారీ గారూ, కాలిన ఆయిలు కొంత కాలం చెమ్మను ఆపే మాట నిజమే. కాని అది రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడు చేస్తుంది, సైలెన్సరు మీద పడితే పొగ, మంట భయం. పైగా ఈయన మోసేది తెల్ల బట్టల మూటలు!

మూటలబండి గారూ, ఒక అనుమానం. వరదే కారణమైతే రెండు వైపులా ఒకేలా తినాలి. ఎడమ వైపే ఎందుకు ఎక్కువ తిన్నది? ఏసీ వేసి నడిపాక ఎడమ ముందు సీటు కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి.

పెడన అద్దకం

మాస్టారు చెప్పిన మందుల్లో ఇంకో రకం టానిక్ ఆమ్లంతో చేస్తారు, పూయగానే తుప్పు నల్లబడుతుంది. మా కలంకారీ వాళ్లకు అది కొత్త కాదు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచుతాం. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కషాయంతో అద్దితే నల్ల రంగు దిగుతుంది. కరక్కాయలోని టానిన్‌కూ ఇనుముకూ జత కుదరడమే అక్కడా ఇక్కడా. మందు కొనలేనివారు చిక్కటి కరక్కాయ కషాయం పూసి చూడవచ్చేమో.

కొరిటెపాడు మాస్టారు

ఎంత చక్కటి పోలిక! పాఠంలో వాడుకుంటాను. కారుకు మాత్రం సీసా మందే కొనమంటాను. దానిలో తుప్పు మీద పొరలా పట్టే బంక కూడా కలుపుతారు, ఉత్త కషాయానికి అది లేదు.

సింగ్‌నగర్ మూటలబండి

చూశాను. నిన్న పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

కుడి వైపు మొత్తం ఖంగుమంటోంది. ఎడమ వైపు వెనక చక్రానికి ముందున్న జాకీ చోటు దగ్గర స్క్రూడ్రైవరు రెండు వేళ్ల లోతు దిగిపోయింది. తీస్తే రంధ్రంలో నుంచి టీ పొడిలా తుప్పు రాలింది, ఆగకుండా. అక్కడి నుంచి ముందుకు దాదాపు రెండడుగులు డబ్బుమంటోంది. మడ్‌గార్డు అంచు గీకితే తెల్ల రేకు బయటపడింది. అది పైపైదే.

మాస్టారూ, మీకు దండం. ఎడమ వైపు జనపనార పట్టీ పిండితే నీళ్లు కారాయి. వరద వచ్చిన ఏడాదిన్నరకు! ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం ఒండ్రుతో మూసుకుపోయి, ఆ నీళ్లన్నీ లోపలికే కారుతూ, పట్టీ కిందుగా వెనక్కి పాకుతున్నాయి. సన్నటి తీగతో పొడిస్తే బుడుక్కున బురద ఊడి, కింద ధార కట్టింది. ఇన్నాళ్లూ వరదను తిట్టుకున్నాను. నేనే రోజూ నీళ్లు పోసి పెంచుతున్నానన్నమాట.

గుంటూరు చిట్టాపద్దు

సరే, నీళ్లు ఆగాయి. కాని జాకీ చోటే పోయిన బండిని ఫిట్‌నెస్‌కు తీసుకెళతారా? రెండేళ్లకు కుడి వైపు మొదలవుతుంది, చూడండి.

ఆటోనగర్ టింకరు

చిట్టాపద్దు గారూ, కుడి వైపు ఖంగుమంటోందని చెప్పాడు కదా. లేని రోగానికి మందెందుకు? 28,000 అడిగినాయన రెండు వైపులా కలిపి చెప్పాడు. ఇప్పుడు తేలింది ఒక్క వైపు, రెండడుగులు. తమ్ముడూ, ఆయన దగ్గరికే వెళ్లి ఆ రెండడుగులకు ధర అడుగు. కిందికి వంగి చూసిన మనిషి పని తెలిసినవాడు.

కొన్ని మాటలు అడిగి మరీ చేయించుకో. గ్యాస్ వెల్డింగ్ వద్దు, పలుచటి రేకు వేడికి మెలితిరుగుతుంది. సీఓటూ వెల్డింగ్ చేయమను, చుక్కచుక్కగా, మధ్యలో చల్లారనిస్తూ. పాత తుప్పు మీద కొత్త రేకు కప్పితే ఒప్పుకోకు, మంచి రేకు తగిలే దాకా కోయాలి. పాప్ రివెట్లతో బిగిస్తానంటే సరే అనకు, బరువు మోసే చోట అవి పనికిరావు. బ్యాటరీ తీగ విప్పాలి, ఎడమ సీట్లు బయట పెట్టాలి, పెట్రోలు గొట్టం ఎటు పోతోందో ముందే చూసుకోవాలి. తడి గోనె పక్కన ఉండాలి. ఇవన్నీ అడిగితే ఏమైనా అనుకుంటాడని సిగ్గుపడకు. మంచి పనివాడు అడిగించుకోడు కూడా.

పాత లారీ

జీఐ రేకు, అదే జింకు పూత రేకు వేయమనండి, తుప్పు రాదు.

ఆటోనగర్ టింకరు

అతుకు దగ్గర జింకు పూత ఎలాగూ కాలిపోతుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. నేను అనుభవించాను. వేస్తే అంచుల్లో పూత గీకి వేయాలి. మామూలు రేకు చాలు.

కొరిటెపాడు మాస్టారు

అతుకు వేసిన చోట లోపలి వైపు ప్రైమరు కూడా కాలిపోతుంది, అక్కడికి బ్రష్ వెళ్లదు. చల్లారాక అడుగు రంధ్రాల గుండా సన్నటి గొట్టంతో మైనం మందు చిమ్మించండి. ఇది మరిస్తే అతుకు పక్కనే మళ్లీ మొదలవుతుంది.

పాత లారీ

చూశారా, లోపల జిడ్డు కావాలని మాస్టారే అంటున్నారు! నేను మొదట చెప్పింది అదే.

కొరిటెపాడు మాస్టారు

పెట్టె లోపల కొత్త మైనం వేరు, అడుగంతా కాలిన ఆయిలు వేరు. అయినా మీకు సగం మార్కులు వేస్తాను.

సింగ్‌నగర్ మూటలబండి

రెండో ఆయన దగ్గరికి వెళ్లాను. ఎడమ రెండడుగులకు, లోపలి మైనం మందుతో సహా 11,000కు ఒప్పుకున్నాడు. మిగిలిన దానిలో మడ్‌గార్డుకు మందు, ప్రైమరు, చిన్న డబ్బా రంగు నేనే కొని పూసుకుంటాను. రంగు కలవకపోయినా ఫరవాలేదు, పెళ్లిచూపులకు వెళ్లే బండి కాదు.

పనికి ఇచ్చే ముందు కుడి వైపు పెట్టె కూడా కడిగించమన్నాడు. రబ్బరు బిరడాలు తీసి సన్న ధారతో కడిగితే అర బకెట్ ఒండ్రు వచ్చింది, అందులో ఒక నత్తగుల్ల. మా అబ్బాయి దాచుకున్నాడు. ఇప్పుడు తలుపులన్నీ తెరిచి ఎండలో పెట్టాను. సోమవారం కోత.