అప్‌డేట్: రైజోబియం కణాంగం ఎందుకు కాలేదు?

పోయినసారి నేను అడిగింది ఇదీ: మైటోకాండ్రియా ఒకప్పుడు బ్యాక్టీరియానే అయితే, మా వేరుశనగ వేరుబుడిపెల్లో ఉండి నత్రజని పట్టిచ్చే రైజోబియం అనే బ్యాక్టీరియా కూడా కణాంగమేనా, అంటే కణంలో ఒక శాశ్వత భాగమేనా? కాదన్నారు చాలామంది. ఎందుకో అర్థమవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

చిక్కు విత్తనం దగ్గరే ఉంది. కణాంగమైతే కణంతో పాటే తరం నుంచి తరానికి అందాలి. రైజోబియం విత్తనంతో రాదు, ప్రతి పంటకూ నేలలోంచి కొత్తగా వేరులోకి చేరాలి. అందుకేగా మా నాన్న విత్తే ముందు గింజలకు రైజోబియం కల్చర్ పట్టించేది!

ఆ గీత దాటినది సముద్రంలో ఉంది. బ్రారుడోస్ఫేరా బిగెలోవీ అనే ఏకకణ శైవలంలో (నాచులాంటి జీవి) ఉండి నత్రజని పట్టే, ఒకప్పుడు బ్యాక్టీరియా అనుకున్న యూసిన్-ఏ. 1998లో జొనాథన్ జెహర్ బృందానికి పసిఫిక్ నీళ్లలో దాని డీఎన్ఏ ముక్క మాత్రమే దొరికింది. జపాన్‌లో క్యోకో హగినో పదేళ్లకు పైగా తంటాలుపడి ఆ శైవలాన్ని ల్యాబులో పెంచారు. ఓపిక అంటే అదీ! తర్వాత ఎక్స్-రే చిత్రాల్లో, కణం చీలే వేళకు ఇదీ చీలి పిల్లకణాలకు పంపకమవడం కనిపించింది. నన్ను ఒప్పించింది మాత్రం వేరే సంగతి. యూసిన్-ఏకి కావలసిన ప్రొటీన్లలో చాలావాటిని శైవలమే తయారుచేసి, చిరునామా చీటీ లాంటి అదనపు ముక్క తగిలించి లోపలికి పంపుతుంది. సొంతంగా కార్బన్ స్థాపించే, అంటే కార్బన్ డయాక్సైడ్‌తో ఆహారం చేసుకునే శక్తిని యూసిన్-ఏ ఎప్పుడో పోగొట్టుకుంది. 2024లో దాన్ని నత్రజని పట్టే కణాంగంగా గుర్తించి, నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు.

ఇదంతా నాన్నకు చెబితే, "అయితే దాన్ని వరిలో పెట్టలేరా, యూరియా ఖర్చు తప్పుతుంది" అన్నారు. పెట్టడం అంత తేలిక కాదని చెప్పానుగానీ, ఆయన నమ్మినట్టు లేరు.