సంఖ్యాకాండంలో 'అన్యుడు' ఎవరు?

నిన్న ఒక సభ్యురాలు అడిగారు: "బైబిల్లో సంఖ్యాకాండము 1:51లో 'అన్యుడు సమీపించినయెడల' మరణశిక్ష అని ఉంది కదండీ. ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయులు వెంట మోసుకెళ్లిన ఆరాధన గుడారం) దగ్గరికి వేరే జాతివాళ్లు వస్తే చంపేసేవారా?" కామెంట్‌లో ఇమడదని విడిగా రాస్తున్నాను.

ఆ వచనంలో అన్యుడంటే వేరే జాతివాడనే కాదండీ. ఇశ్రాయేలీయుల్లోనే యూదా గోత్రంవాడు, ఎఫ్రాయిము గోత్రంవాడు కూడా అక్కడ అన్యుడే. గుడారం విప్పడం, మోయడం, మళ్లీ వేయడం లేవీయుల (లేవి గోత్రంవాళ్ల) పని. లేవీయుడు కానివాడెవడైనా బయటివాడే. హీబ్రూలో ఆ మాట 'జార్'. పరదేశికి వేరే మాటలున్నాయి: పైదేశంవాడు 'నొక్రీ', వచ్చి ఇశ్రాయేలీయుల మధ్య కాపురమున్నవాడు 'గేర్'. ఆ గేర్ హోమబలి తెస్తే అతనికీ మీకూ ఒకటే కట్టడ అని ఇదే పుస్తకం 15వ అధ్యాయంలో ఉంది.

రెండు అధ్యాయాలు తిప్పేసరికి గీత ఇంకా లోపలికి జరుగుతుంది. 3:10లో యాజకత్వం మోషే అన్న అహరోనుకూ అతని కొడుకులకే. అంటే ఇందాక లోపలివాడైన లేవీయుడు ఇప్పుడు అన్యుడు! యాజకత్వం తమకూ కావాలని 16వ అధ్యాయంలో తిరగబడిన కోరహు గొడవంతా ఇదే. అతను లేవీయుడే. అతనితో చేరి ధూపం వేయబోయిన 250 మందీ కాలిపోయాక, వాళ్ల ఇత్తడి ధూపార్తుల్ని రేకులుగా సాగగొట్టి బలిపీఠానికి కప్పుగా తొడిగారు. అహరోను సంతతి కాని 'అన్యుడు' ధూపం వేయడానికి రాకూడదని గుర్తుండాలట. మాటకు అర్థం అక్కడ వచనమే చెప్పేసింది.

మనకు తికమక ఎక్కడంటే, చర్చి తెలుగులో 'అన్యజనులు' (యూదులు కాని జాతులవాళ్లు) బాగా నలిగిన మాట. అది చెవిలో ఉండగా 'అన్యుడు' చదివితే ఇంకో జాతివాడే గుర్తొస్తాడు. లేవీయకాండము 10లో అహరోను కొడుకులు నాదాబు, అబీహు తెచ్చిన 'వేరొక అగ్ని' దగ్గర కూడా హీబ్రూలో ఈ జార్ మాటే (స్త్రీలింగంలో 'జారా'). అక్కడ 'వేరొక' అన్నారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అర్థం ఇలా పక్కకు జరగడం తెలుగుతో మొదలవలేదు లెండి. పాత గ్రీకు అనువాదం 1:51లో 'అల్లొగెనెస్' అంది, అంటే వేరే పుట్టుకవాడు. హేరోదు రాజు యెరూషలేములో కట్టించిన ఆలయం లోపలి ఆవరణకు అడ్డుగా ఉన్న కంచె మీది హెచ్చరిక రాయి 1871లో అక్కడే దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఏడు పంక్తుల గ్రీకు. అల్లొగెనెస్ ఎవడూ లోపలికి రాకూడదు, పట్టుబడితే తన చావుకు తానే కారణం అని దాని సారాంశం. ఆ రాయి మీద మాత్రం ఆ మాటకు యూదుడు కానివాడనే అర్థం.

కింద ఒకరి కామెంట్: "'పరాయివాడు' అంటే సరిపోదా అండీ? మా అమ్మమ్మ పెళ్లైన కూతుర్ని పరాయిదైపోయింది అనేది."

భలే పట్టారు. లేవీయకాండము 22:12లో యాజకుడి కూతుర్ని 'అన్యుని'కిస్తే ఆమె ప్రతిష్ఠితమైన భోజనం తినకూడదు. ఆ అన్యుడు యాజకుల ఇంటివాడు కాని అల్లుడు, అంతే. అదే యాజకుడు డబ్బిచ్చి కొన్న బానిస మాత్రం తినొచ్చు! అక్కడ 'పరాయివాడు' చక్కగా అతుకుతుంది. 1:51కి మాత్రం 'లేవీయుడు కానివాడు' అని విడమర్చడమే నయం. అన్నట్టు, ఆ కూతురు పిల్లలు లేకుండా భర్త పోయో, విడాకులయ్యో పుట్టింటికి తిరిగొస్తే, చిన్నప్పటిలాగే తండ్రి భోజనం తినొచ్చని తర్వాతి వచనం.