హెడ్‌లైట్ విప్పి మూశాక లోపల నీళ్లు చేరుతున్నాయి, మళ్లీ ఎలా సీల్ చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. హెడ్‌లైట్ల లోపలి క్రోమ్ పట్టీకి నల్ల రంగు వేద్దామని రెండూ విప్పాను. ఒవెన్‌లో వేడి చేస్తే గ్లాస్ తేలిగ్గానే ఊడొచ్చింది. రంగు వేసి, ఆ సాయంత్రమే పాత బంక మీదే చుట్టూ సిలికాన్ పెట్టి మూసేశాను. మొన్న పెద్ద వాన పడ్డాక చూస్తే ఎడమ లైటు అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. కుడివైపు నీళ్లు లేవు గానీ పొద్దున పూట మసక పడుతోంది, లైటు వేసిన కాసేపటికి పోతోంది. పైగా రెండింటిలోనూ గ్లాస్ లోపలివైపు తెల్లటి పొర ఒకటి కనిపిస్తోంది, అది మాత్రం ఎంతసేపు లైటు వేసినా పోవట్లేదు. బయట నుంచి ఇంకో వరస సిలికాన్ పూస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

బయట నుంచి పూయకండి అన్నా, దయచేసి. నీళ్లు దూరే సందు అలాగే ఉంటుంది, రేపు మళ్లీ విప్పాల్సి వచ్చినప్పుడు పని రెండింతలవుతుంది.

మీరు చెప్పినవి మూడూ వేరు వేరు సంగతులు. కుడివైపు పొద్దున పట్టే మసక గురించి బెంగ వద్దు. హెడ్‌లైట్ గాలి చొరబడని డబ్బా కాదు, వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి, చల్లబడినప్పుడు తిరిగి రావడానికి వెనక చిన్న గాలి రంధ్రాలు పెడతారు. లైటు వేశాక ఆ మసక పోతోందంటే ఆ రంధ్రాలు పని చేస్తున్నట్టే. వాటిని మాత్రం పొరపాటున కూడా మూయొద్దు.

తెల్ల పొర రంగు నుంచి వచ్చి ఉంటుంది. పూర్తిగా ఆరని పెయింట్ బల్బు వేడికి ఆవిర్లు వదులుతుంది, అవి వెళ్లి చల్లగా ఉన్న గ్లాస్ మీద పేరుకుంటాయి. వెనిగర్ వాసన కొట్టే రకం సిలికాన్ వాడి ఉంటే అదీ కారణం కావచ్చు, ఆ ఆమ్లపు ఆవిరి రిఫ్లెక్టర్ మీది అల్యూమినియం పూతకి కూడా మంచిది కాదు.

ఇక ఎడమవైపు నీళ్లు. కంపెనీ నుంచి వచ్చిన నల్లటి బంక బ్యూటైల్ అనే రబ్బరు రకం అయి ఉంటుంది, వేడికి మెత్తబడి దారాల్లా సాగుతుంది. దాని మీద సిలికాన్ పట్టదు. పైకి గట్టిగా అతుక్కున్నట్టే కనిపిస్తుంది, కింద సన్నటి దారి మిగిలిపోతుంది. అందుకే రెండూ మళ్లీ విప్పక తప్పదు.

బల్బులు, వెనక రబ్బరు మూతలు, లెవెలింగ్ మోటారు (వెలుగు ఎత్తు మార్చేది), క్లిప్పులు, స్క్రూలు అన్నీ తీసేశాకే వేడి చేయండి. ఒక్క స్క్రూ మరిచిపోయి గ్లాస్ లాగితే స్క్రూ బిగించే చెవి విరుగుతుంది. నేనైతే ఒవెన్‌ని 95 డిగ్రీలు దాటనివ్వను, ఎందుకంటే లోపలి పట్టీలు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్, అది దాదాపు 105 దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. ముందు ఒవెన్ వేడెక్కనిచ్చి, ఆపేసి, అప్పుడు చెక్క మీద గుడ్డ పరిచి లైటు లోపల పెట్టండి, ఇనుప గోడలకి తగలకూడదు. ఎనిమిది, పది నిమిషాలు చాలు. తీశాక ఒక మూల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా ఎత్తండి, బిగిస్తే లాగకుండా మళ్లీ వేడి చేయండి. ఆ ఒవెన్‌లో తర్వాత వంట మాత్రం వద్దు.

అసలు కష్టం గ్లాస్ అంచు కూర్చునే గాడి శుభ్రం చేయడంలోనే ఉంది. సిలికాన్ ఆనవాలు కొంచెం మిగిలినా కొత్త బంక అక్కడ పట్టదు. ప్లాస్టిక్ గీకుడు ముక్కతో మొత్తం తీసి, గాడిలో వేలు పెట్టి చుట్టూ తడిమి చూడండి. జారుడుగా, రబ్బరులా తగిలిన చోట ఇంకా ఉన్నట్టే. నాకు ఒక్కో లైటుకి పూటంతా పట్టింది. గ్లాస్ అంటున్నాం గానీ అది పాలికార్బొనేట్, థిన్నర్, అసిటోన్, పెట్రోల్ దగ్గరికి రానివ్వకండి, సన్నటి పగుళ్లు వస్తాయి. రిఫ్లెక్టర్‌ని అసలు తాకొద్దు, వేలిముద్ర పడితే తుడిచే కొద్దీ పూతే లేస్తుంది.

రంగు వేసిన పట్టీని విడిగా కొన్ని రోజులు వదిలేయండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకూడదు. తర్వాత గాడిలో బ్యూటైల్ తాడు ఎక్కడా సాగదీయకుండా పరిచి, చివర్లు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా నొక్కండి. ఆ అతుకు పైభాగంలో పెట్టండి, అడుగున వద్దు. మళ్లీ వేడి చేసి, గ్లాస్ కూర్చోబెట్టి, చుట్టూ క్లాంపులు బిగించి, స్క్రూలు పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి.

మరొకరి ప్రశ్న:

నా లైట్ల బంక బూడిద రంగులో గట్టిగా ఉందండి, ఎంత వేడి చేసినా కదలట్లేదు. ఇంకా వేడి పెంచనా?

జవాబు:

పెంచకండి. అది ఒకసారి గట్టిపడితే వేడికి లొంగని రకం, బంక కంటే ముందు హౌసింగ్ (లైటు వెనక ప్లాస్టిక్ డబ్బా) వంకరపోతుంది. అలాంటివి అదిరే బ్లేడు ఉన్న కట్టర్‌తో గాడి వెంట కోసి తీస్తారు, చేయి కాస్త జారినా గ్లాస్ పోయినట్టే. మొదటిసారి చేసేవాళ్లు పాడైపోయిన పాత లైటు మీద చేయి తిప్పుకున్నాకే ముట్టుకోవాలి.

మొదటి వ్యక్తి:

చాలా థ్యాంక్స్ అన్నా. మీరన్నట్టే వెనిగర్ వాసన రకమే వాడాను. బిగించే ముందు లీకు ఉందో లేదో చూసే మార్గం ఏదైనా ఉందా?

జవాబు:

ఉంది. గాలి రంధ్రాలకీ, బల్బు కన్నాలకీ తాత్కాలికంగా టేపు వేసి, ఒక్క కన్నంలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదండి, కంప్రెసర్ వద్దు. అతుకు చుట్టూ సబ్బు నురగ రాస్తే సందు ఉన్న చోట బుడగ లేస్తుంది. అక్కడే వేడి చేసి నొక్కండి. ఆ తర్వాత టేపులన్నీ తీయడం మరిచిపోకండి.

కారుకి బిగించాక దీపం ఎత్తు కూడా సరిచూడండి. చదునైన నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ వేయండి. వెలుగు ఎంత కిందకి వంగాలో లైటు మీదో బానెట్ కిందో 1.0 శాతం అని రాసి ఉంటే, గోడ మీద వెలుగు గీత లైటు మధ్యభాగం ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందకి పడాలి. పైకి ఉంటే ఎదురొచ్చేవాళ్ల కళ్లు మూసుకుపోతాయి. ఇది తేల్చుకోకుండా రాత్రి రోడ్డెక్కొద్దు.