ఎండాకాలానికి వదులుగా ఉండే పొట్టి చేతుల టాప్: మొదటిసారి అల్లేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తసూది (తిరుపతి)
అందరికీ నమస్తే. సూదులతో అల్లే అల్లికలో నిట్ (సూటి కుట్టు), పర్ల్ (తిరగేసిన కుట్టు) రెండూ నాకు వచ్చు. ఇంతవరకు ఒక మఫ్లరు, పాపకు టోపీ అల్లాను, అంతే. ఇప్పుడు నాకోసం ఒక టాప్ అల్లుకోవాలని ఉంది. ఒంటికి అతుక్కోకూడదు, చేతులు మోచేతికి పైనే ఆగిపోవాలి. వీడియోలు చూస్తే ఒకరు మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి రమ్మంటారు, ఇంకొకరు కింది నుంచి పైకి పొమ్మంటారు. బుర్ర తిరిగిపోతోంది. పైగా మన తిరుపతి ఎండల్లో వేసుకోవడానికి ఏ ఊలు తీసుకోవాలి? గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల షాపుల్లో అడిగితే అందరూ స్వెట్టర్ ఊలే చూపిస్తున్నారు. నా ఛాతీ కొలత 90 సెంటీమీటర్లు. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరుపిన్ని
మెడ నుంచి కిందికి అల్లడం ఇప్పుడే వద్దమ్మా. మొదటి టాప్‌కి రెండు పలకలు చాలు. ముందుకొకటి, వెనక్కొకటి, రెండూ ఒకేలా. భుజాలు కుట్టి, పక్కలు కుట్టి, చేతులకు దారి వదిలేస్తే అయిపోయింది. చంక దగ్గర వంపులు తిప్పే పని లేదు, చేతులు విడిగా అల్లి అతికే పనీ లేదు.

నీ కొలతకు లెక్క వేసి ఇస్తా, రాసుకో. 4 మిల్లీమీటర్ల సూది, మధ్యరకం మందం ఉన్న నూలు. 10 సెంటీమీటర్ల వెడల్పుకు 20 కుట్లు, 10 సెంటీమీటర్ల ఎత్తుకు 28 వరసలు వస్తాయనుకుందాం. వదులు కావాలన్నావు కాబట్టి చుట్టుకొలత 106 పెట్టుకో, అంటే ఒంటి కొలత కంటే 16 ఎక్కువ. ఒక్కో పలక వెడల్పు 53 సెంటీమీటర్లు. దానికి 106 కుట్లు, పక్క కుట్టులోకి పోయేవి రెండు, మొత్తం 108 కుట్లు సూది మీద ఎక్కించు.

మొదటి 8 వరసలు అటూ ఇటూ నిట్టే అల్లు. ఈ అంచు లేకపోతే అల్లిక కింద చాపలా చుట్టుకుపోతుంది, ఎంత ఇస్త్రీ చేసినా నిలవదు. ఆ తర్వాత ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. 34 సెంటీమీటర్లు వచ్చాక చేతుల కోసం ఒక వరస మొదట్లో కొత్తగా 14 కుట్లు ఎక్కించు, తిరిగి వచ్చే వరస మొదట్లో ఇంకో 14. ఇప్పుడు సూది మీద 136 ఉంటాయి. అట్లే నేరుగా 54 సెంటీమీటర్ల దాకా పో. అందులో చివరి 6 వరసలు మళ్లీ నిట్టే. తర్వాత కుట్లు ఊడిపోకుండా వదులుగా మూసెయ్. భుజాలకు ఈ పక్క 40, ఆ పక్క 40 కుట్లు కలిపి కుడితే మధ్యలో 56 మిగులుతాయి. అదే మెడ, 28 సెంటీమీటర్లు. తల దూరుతుంది.

రేణిగుంటరైలు
పిన్నీ, చేతుల కొసలు చుట్టుకోవా? కింద అంచుకు నిట్ పెట్టారు, చేతికి పెట్టలేదు.

చిత్తూరుపిన్ని
బాగా పట్టుకున్నావ్. కొత్తగా ఎక్కించిన ఆ 14లో బయటి 4 కుట్లు, వరస నిట్‌దైనా పర్ల్‌దైనా, ఎప్పుడూ నిట్టే వెయ్యాలి. అప్పుడు చేతి అంచు చదునుగా నిలుస్తుంది. పక్కలు కుట్టేటప్పుడు 34 దాకా నిలువుగా పోయి, అక్కడి నుంచి చేతి కింద 7 సెంటీమీటర్లు అడ్డంగా కుట్టుకుంటూ రావాలి.

టైలరన్న
పిన్ని గారి లెక్క బాగుంది. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నవాడిని, అల్లిక నాకు రాదు. కానీ కొలతల గురించి ఒక మాట. చేతులకు 14 కుట్లు, అంటే ఏడు సెంటీమీటర్లే కదా అని చిన్నచూపు చూడొద్దు. పలక వెడల్పే 53. సాధారణంగా ఆడవాళ్ల భుజం ఈ కొస నుంచి ఆ కొసకు 36 నుంచి 40 ఉంటుంది. ఆ తేడా అంతా భుజం దాటి చెయ్యి మీదికి జారుతుంది. దానికి ఈ 7 కలిస్తే చెయ్యి భుజానికీ మోచేతికీ మధ్య దాదాపు సగందాకా వచ్చేస్తుంది. ఇంకా పొట్టి కావాలంటే ఆ 14 ఎక్కించకుండా, పక్క కుట్టు పైన 20 సెంటీమీటర్లు వదిలేసినా సరిపోతుంది. అప్పుడు కూడా చెయ్యి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంకోటి. ముందు, వెనక ఒకేలా ఉన్న మెడ గొంతుకు కొంచెం ఒరుసుకుంటుంది. మా షాపులో బోట్ నెక్ (ఇట్లా అడ్డంగా, వెడల్పుగా ఉండే మెడ) కుట్టించుకునే వాళ్లందరిదీ ఇదే కంప్లైంట్. ముందు మెడ మూడు నాలుగు సెంటీమీటర్లు దింపితే సుఖం.

చిత్తూరుపిన్ని
దింపాలంటే పైకొచ్చాక మధ్య కుట్లు మూసి, రెండు భుజాలూ వేరు వేరుగా, రెండో బంతి తగిలించి అల్లాలి తమ్ముడూ. రెండో టాప్‌కి నేర్చుకుంటుందిలే. మొదటిదే గండం కాకూడదు.

నగరిపోగు
నూలు సంగతి నేను చెప్తా. మాది నగరి, ఇంటి చుట్టూ పవర్‌లూమ్‌లే. చాలామంది అడుగుతారు, మగ్గం నూలు కోన్ చవగ్గా వస్తుంది కదా, దాంతోనే అల్లుకోవచ్చా అని. లెక్క చూడండి. 40 కౌంటు (కౌంటు అంటే నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క) రెండు పోగుల నూలు గ్రాముకు దాదాపు 34 మీటర్లు సాగుతుంది. పిన్ని గారు చెప్పిన మందానికి గ్రాముకు రెండు మీటర్ల చిల్లర నూలు కావాలి. అంటే 15, 16 పోగులు కలిపి పట్టుకోవాలి. సూది మొన ఒక్కోసారి పది పోగుల్లో దూరి మిగిలినవి వదిలేస్తుంది. పడుగు నూలైతే గంజి కూడా ఉంటుంది. చవగ్గా వస్తుందని పోతే అసలుకే మోసం. అల్లికకు మెలిపెట్టిన కాటన్ బంతులే కొనండి. షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

50 గ్రాముల కాటన్ బంతి ఈ మందంలో 105, 110 మీటర్ల దాకా ఉంటుంది. ఈ టాప్‌కు 800 నుంచి 900 మీటర్లు పడుతుంది, అంటే ఎనిమిది బంతులు, ఇంకొకటి చేతిలో. అన్నీ ఒకేసారి కొనండి. చీటీ మీద లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన నూలుకు ఇచ్చే నంబరు) ఒకటే ఉండాలి. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే ఎండలో నిలబడినప్పుడు అతుకు వేసినట్టు తెలిసిపోతుంది.

కొత్తసూది (తిరుపతి)
అయ్యో, ఎనిమిది బంతులా! నేను నాలుగు చాలనుకున్నా.
షాపతను అయితే ఏ ఊలైనా ఒకటే, రంగు చూసుకోమన్నాడు.

రేణిగుంటరైలు
ఒకటే ఎట్లా అవుతుందక్కా. అక్రిలిక్ (కృత్రిమ ఊలు) చెమట పీల్చదు. మే నెలలో రేణిగుంట ప్లాట్‌ఫాం మీద అక్రిలిక్ టాప్ వేసుకుని పావుగంట నిలబడితే విషయం అర్థమైపోతుంది. డిసెంబర్‌లో తిరుమల కొండ మీదికైతే అదే బ్రహ్మాండం. అక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టారంటే బిగువు పోయి జారిపోతుంది, మళ్లీ ముందులా కాదు.

పద్మావతిపురం
కాటన్‌లోనూ చిక్కు ఉందని ఎవరూ చెప్పట్లేదే. కాటన్ బరువు. ఊలులాగా సాగి మళ్లీ ముడుచుకునే గుణం దానికి లేదు. ఎనిమిది బంతులంటే 400 గ్రాములు, ఆ బరువంతా భుజాల మీద వేలాడుతుంది. నాలుగుసార్లు వేసుకునేసరికి టాప్ కుర్తీ అవుతుంది. కాటన్, అక్రిలిక్ కలిపిన నూలు తేలిగ్గా ఉంటుంది, నా ఓటు దానికే. వెదురు కలిపిన కాటన్ చేతికి మెత్తగా బాగుంటుంది కానీ అది ఇంకా కిందికి జారుతుంది.

నగరిపోగు
జారుతుంది, ఒప్పుకుంటా. అందుకే నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాక కింద బట్టల క్లిప్పులు తగిలించి ఒక రాత్రి వేలాడదీయండి. ఎంత సాగిందో చూసుకుని టాప్ పొడుగు అంత తగ్గించుకోవచ్చు. కలిపిన నూలుకు నేను వ్యతిరేకం కాదు, సగానికి పైన కాటన్ ఉంటే చాలు.

కొత్తసూది (తిరుపతి)
నమూనా ముక్క తప్పదా? అది అల్లే టైంలో టాప్ నాలుగు వేళ్లు పైకొస్తుంది కదా.

చిత్తూరుపిన్ని
తప్పదు. లెక్క చూస్తే నీకే తెలుస్తుంది. నేను 10 సెంటీమీటర్లకు 20 కుట్లు అనుకుని చెప్పాను. నీ చెయ్యి వదులై 18 వచ్చాయనుకో, అవే 108 కుట్లతో చుట్టుకొలత 118 దగ్గరికి పోతుంది. చెయ్యి బిగువై 22 వస్తే 96 దగ్గర ఆగిపోతుంది. వదులు టాప్ కాస్తా బిగువు టాప్ అయిపోతుంది.

30 కుట్లు ఎక్కించి ఒక చదరం అల్లు. టాప్ ఎట్లా ఉతుకుతావో దాన్నీ అట్లే ఉతుకు. ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లు కొలువు, అంచుల దగ్గర వద్దు. 18 వస్తే సన్న సూదికి మారు, 22 వస్తే లావు సూదికి. సూది మార్చి మళ్లీ కొలువు. మనసులో అంచనా వేసి సరిపెట్టుకోవద్దు.

పద్మావతిపురం
సూదుల నంబర్ల దగ్గర జాగ్రత్త కొత్తసూది గారూ. మన దగ్గర దొరికే సూదుల మీద పాత ఇంగ్లండ్ నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా వీడియోల్లో నంబర్లు తిరగబడి ఉంటాయి. వాళ్ల 6 అంటే 4 మిల్లీమీటర్లు. వాళ్లు 6 అన్నారని మీరు షాపులో 6 అడిగితే 5 మిల్లీమీటర్ల సూది చేతిలో పెడతారు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లలో అడగండి, గొడవ ఉండదు.

రేణిగుంటరైలు
నేను బస్సులో, రైల్లో అల్లుతుంటా. చిత్తూరు బస్సులో పొడుగు సూదులతో అల్లితే పక్కనావిడ డొక్కలో పొడిచినట్టే. మధ్యలో వైరు ఉండే సర్క్యులర్ సూది తీసుకోండి, 80 సెంటీమీటర్లది. గుండ్రంగా అల్లక్కర్లేదు, మామూలు సూదుల్లాగే అటూ ఇటూ తిప్పుకుంటూ అల్లొచ్చు. 136 కుట్లు మామూలు సూది మీద కిక్కిరిసిపోతాయి, ఇందులో బరువంతా ఒళ్లో పడుతుంది, మణికట్టు లాగదు. కాటన్‌కి వెదురు సూదులు నయం. స్టీలు మీద కుట్లు జారిపోతాయి.

హార్స్‌లీచలి
ఇంత కష్టమెందుకు, క్రోషా అయితే ఒక్క కొక్కెంతో పనైపోతుంది. :)

చిత్తూరుపిన్ని
క్రోషా టాప్ మందంగా వస్తుంది, నూలు ఎక్కువ తింటుంది. కావాలంటే ఇంకో చర్చ పెట్టు నాయనా, ఇక్కడ సూదులు.

కొత్తసూది (తిరుపతి)
నమూనా ముక్క అల్లాను పిన్నీ. కాటన్ ఎక్కువగా కలిసిన నూలే దొరికింది. కానీ వెనక నుంచి చూస్తే రెండు రెండు వరసలకు ఒక సందు ఉన్నట్టు గీతలు పడుతున్నాయి. ముందు వైపు కొన్ని కుట్లు ఇంగ్లిషు వి అక్షరంలా లేవు, కాళ్లు మెలిపడి ఉన్నాయి.

చిత్తూరుపిన్ని
ఇవి రెండూ వేరు వేరు జబ్బులు. గీతలు ఎందుకంటే, నీ పర్ల్ వరస నిట్ కంటే వదులుగా వస్తోంది. కొత్తవాళ్లకే కాదు, ఏళ్ల తరబడి అల్లేవాళ్లకూ ఉంటుంది. పర్ల్ వరసకు ఒక సైజు తక్కువ సూది వాడు. రేణిగుంటమ్మాయి చెప్పిన వైరు సూదిలో మొనలు విప్పి మార్చుకునే రకం ఉంటుంది. ఒక కొసకు 4, ఇంకో కొసకు 3.75 తగిలించు, ఇంక చూసుకోనక్కర్లేదు.

మెలిక సంగతి. సూది మీద ప్రతి కుట్టుకూ రెండు కాళ్లుంటాయి, ఒకటి నీ వైపు, ఒకటి అవతలి వైపు. నీ వైపున్న కాలులో సూది దూర్చాలి. అవతలి కాలులో దూరిస్తే మెలి పడుతుంది. కొన్ని కుట్లే పడుతున్నాయంటే పర్ల్‌లో దారం సూదికి అటు నుంచి ఇటు చుడుతున్నావేమో చూసుకో. దారం ఎప్పుడూ ఒకే దిక్కుగా చుట్టాలి.

పద్మావతిపురం
లేదా పర్ల్ మొత్తం మానేసి అంతా నిట్‌లోనే అల్లేయండి. గీతల గొడవా ఉండదు, అంచులు చుట్టుకునే గొడవా ఉండదు.

టైలరన్న
అట్లా అల్లింది మా ఆవిడకు ఒకటి ఉందమ్మా. చూడ్డానికి బాగుంటుంది కానీ మందం, అదీగాక నిలువునా సాగుతుంది. ఎండాకాలానికి నున్నటిదే నయం. గుడ్డ జారుడుగా పడాలి.

నగరిపోగు
పైగా ఆ రకానికి 10 సెంటీమీటర్ల ఎత్తుకు 40 వరసల దాకా పడుతుంది. టైమూ ఎక్కువే, నూలూ ఎక్కువే. నా ఓటు టైలరన్నకే.

పద్మావతిపురం
మీ ఇష్టం. నేను మాత్రం మొదటిసారి వాళ్లకు అదే చెప్తాను. గీతలు చూసి మధ్యలో వదిలేసిన టాప్‌ కంటే కాస్త మందం టాప్ మేలు కదా.

రేణిగుంటరైలు
రెండు పలకలకూ వరసలు సమానంగా ఉండాలి, ఇది ముఖ్యం. టేపుతో కొలిచి సరిపోయాయనుకోవద్దు. మొదటి పలకకు 34 సెంటీమీటర్ల దగ్గర ఎన్ని వరసలో, 54 దగ్గర ఎన్నో రాసుకుని రెండోదానికి అవే అల్లండి. అప్పుడు పక్కలు కుట్టేటప్పుడు ఇటు ఒక వరస, అటు ఒక వరస చక్కగా కలుస్తాయి. కుట్టడానికి మొన మొద్దుగా ఉండే లావు సూది వాడాలి. ముందు వైపు పైకి పెట్టి, అంచు కుట్టుకూ దాని పక్క కుట్టుకూ మధ్య అడ్డంగా నిచ్చెన మెట్టులాంటి పోగు కనిపిస్తుంది. ఈ పలకలో ఒక మెట్టు, ఆ పలకలో ఒక మెట్టు ఎత్తుతూ పోయి నాలుగైదు అయ్యాక లాగితే అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.

కొత్త బంతి ఎప్పుడూ వరస మొదట్లోనే తగిలించండి. కొసలు పక్క కుట్టులో దాగిపోతాయి.

టైలరన్న
ఉతికాక దండెం మీద వెయ్యొద్దమ్మా, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకో. నీళ్లు పట్టిన కాటన్ తన బరువుకే సాగుతుంది. తువ్వాలులో చుట్టి నీళ్లు పిండేసి, మంచం మీద పరిచి ఆరబెట్టు. కార్తీకం వానల్లో అయితే ఫ్యాను కింద. మడత పెట్టి బీరువాలో పెట్టాలి, హ్యాంగర్‌కు వద్దు.

కొత్తసూది (తిరుపతి)
రెండో ముక్కకు సరిగ్గా 20 కుట్లు వచ్చాయి, గీతలు కూడా బాగా తగ్గాయి. వేలాడదీస్తే ఒక సెంటీమీటరు సాగింది. టాప్ పొడుగు కొంచెం తగ్గిస్తున్నా. చేతులకు 14 ఎక్కించడం ఉంచుతాను, మెడ దింపడం ఇప్పుడే వద్దు. ఈ రోజు 108 ఎక్కించాను. చిన్న డౌటు: కాటన్ బంతి లోపలి కొస లాగాలా, బయటి కొసా?

నగరిపోగు
బయటిదే లాగండి. లోపలి నుంచి లాగితే ఒక్కోసారి చిక్కుముద్ద మొత్తం ఊడి బయటికొస్తుంది. దొర్లకుండా బంతిని ఒక గిన్నెలో వేసుకోండి, చాలు.

చిత్తూరుపిన్ని
ఎనిమిది వరసల అంచు అయ్యాక ఒకసారి కుట్లు లెక్కపెట్టుకో. 108 లేకపోతే ముందుకు పోకుండా ఇక్కడ అడుగు.