ఒకే క్యాబినెట్‌లో రెండు స్పీకర్లు, స్టీరియో యాంప్‌కి వైరింగ్ ఎట్టా చెయ్యాల?

కావలి_గిటార్:
అన్నలూ, ఒక సలహా కావాల. నా కాడ రెండు 12 ఇంచుల స్పీకర్లుండే గిటార్ క్యాబినెట్ ఉండాది, ఒక్కోటి 8 ఓమ్స్, లోపల రెండూ పారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్ మైనస్‌కి మైనస్ కలిపి, వెనకాల ఒకే జాక్ ఇచ్చినారు, అంటే మొత్తం 4 ఓమ్స్. ఇన్నాళ్ళూ మామూలు ట్రాన్సిస్టర్ హెడ్‌తో, అంటే స్పీకర్ లేకుండా విడిగా ఉండే యాంప్‌తో, చర్చిలో వాయిస్తా ఉండా. ఇప్పుడు స్టీరియో అవుట్ ఉండే డిలే పెడల్ (సౌండ్‌ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వినిపించేది) తీసుకున్నా, దానికోసం మద్రాసు పోయి రిచ్చీ స్ట్రీట్‌లో రెండు ఛానెళ్ళ చిన్న క్లాస్ డి యాంప్ బోర్డు తెచ్చుకున్నా, టీపీఏ3116 చిప్పుది, 24 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాది. లెఫ్ట్ ఒక స్పీకర్‌కి రైట్ ఇంకో స్పీకర్‌కి పోవాల, అంతే. ఇక్కడ ఒక షాపులో అడిగితే ఉన్న జాక్ పీకేసి స్టీరియో జాక్ వేసి రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకదానికే కలిపేయ్, హెడ్‌ఫోన్‌కి ఉండేది అదే గదా అన్నాడు. అట్టా చెయ్యొచ్చా? అప్పుడప్పుడూ పాత హెడ్ కూడా పెట్టుకోవాల, దాని వెనకాల 4 ఓమ్స్‌కి తగ్గొద్దని రాసుండాది.

నెల్లూరు_బేస్:
మైనస్‌లు కలపొద్దు తమ్ముడూ. ఆ చిప్పుకి అసలు కలపొద్దు. రెండు వేరే జాక్‌లు, రెండు వేరే వైర్లు, ఒక పెట్టెలో రెండు క్యాబినెట్‌లు ఉన్నాయనుకో. ఇంకేం ఆలోచించబాక. 8 ఓమ్స్ ఒక్కో ఛానెల్‌కి హాయిగా సరిపోతాది.

ఒంగోలు_సోల్డర్:
పై అన్న చెప్పింది కరెక్ట్, ఎందుకో కూడా చెప్తా, ఎందుకంటే షాపాయన చెప్పినట్టు చేసి బోర్డులు పోగొట్టుకున్నోళ్ళు చాలామంది ఉన్నారు. పాత ట్రాన్సిస్టర్ యాంపుల్లో చాలావాటికి స్పీకర్ మైనస్ అంటే గ్రౌండే, కాబట్టి రెండు మైనస్‌లు కలిసినా ఏం కాదు. నీ చిప్పు అట్టాంటిది కాదు, అది బ్రిడ్జ్ పద్ధతి, అంటే ఒక్కో స్పీకర్‌కి రెండు వైపులా రెండు యాంపులు ఎదురెదురుగా తోస్తుంటాయి. ప్లస్‌లో ఎంత కరెంటు ఆడుతుందో మైనస్‌లోనూ అంతే ఆడుద్ది. కావాలంటే పాటేమీ పెట్టకుండా యాంప్ ఆన్ చేసి మీటర్ నల్ల ప్రోబ్ అడాప్టర్ మైనస్‌కి, ఎర్ర ప్రోబ్ స్పీకర్ మైనస్ టెర్మినల్‌కి పెట్టి చూడు, మామూలుగా సున్నా రాదు, 24లో సగం, 12 వోల్టుల దాకా చూపించుద్ది. ప్లస్‌కి పెట్టినా దాదాపు అంతే, అందుకే రెండిటి మధ్యా తేడా సున్నా ఉండి స్పీకర్ కదలకుండా ఉంటది. ఇప్పుడు లెఫ్ట్ మైనస్, రైట్ మైనస్ ముడేస్తే ఒక ఛానెల్ పైకి లాగేటప్పుడు ఇంకోటి కిందికి లాగుద్ది, రెండూ కొట్టుకుంటాయి. ప్రొటెక్షన్ పనిచేస్తే సౌండ్ కట్ అయి వచ్చి కట్ అయి వచ్చి ఉంటది, లేకపోతే చిప్పు పోద్ది.

ఇంకో సంగతి, ఇది చాలామంది చూసుకోరు. రెండు జాక్‌లు విడిగా పెట్టినా, నీ క్యాబినెట్ వెనకాల ఆ జాక్ బిగించిన ప్లేటు ఇనుపదైతే రెండు జాక్‌ల బాడీలు ఆ ప్లేటు గుండా కలిసిపోతాయి, బాడీ అంటేనే మైనస్. వైర్ విడిగా లాగిన లాభమంతా అక్కడ పోయింది. అందుకని ప్లాస్టిక్ బాడీ ఉన్న జాక్‌లు తీసుకో, లేదా ప్లాస్టిక్ ప్లేటు వెయ్యి. ఒకే కేబుల్‌తో పని కావాలంటే నాలుగు పిన్నుల స్పీకాన్ (స్పీకర్ల కోసమే చేసిన కనెక్టర్) పెట్టు, దాంట్లో 1 ప్లస్, 1 మైనస్, 2 ప్లస్, 2 మైనస్ అన్నీ వేరువేరు, తిప్పి లాక్ చేస్తే మధ్యలో ఊడిరాదు. నేనైతే స్పీకానే పెడతా.

మొత్తం అయ్యాక యాంప్ తగిలించకముందే మీటర్‌తో చూసుకో. ఒక్కో జాక్‌లో టిప్‌కీ (అది ప్లస్) బాడీకీ మధ్య 6 నుంచి 7 ఓమ్స్ రావాలి, 8 ఓమ్స్ స్పీకర్‌కి మీటర్ అంతే చూపించుద్ది, కంగారు పడొద్దు. తర్వాత మీటర్‌ని బీప్ మోడ్‌కి తిప్పి మొదటి జాక్ బాడీకి ఒక ప్రోబ్, రెండో జాక్ బాడీకి ఇంకో ప్రోబ్ పెట్టు, బీప్ రాకూడదు. బీప్ వచ్చిందా, యాడో కలిసింది, అది తేలేదాకా యాంప్ జోలికి పోవద్దు.

చీమకుర్తి_స్ట్రింగ్స్:
వైరింగ్ సంగతి అన్నలు చెప్పారు. నా అనుమానం వేరే. రెండు స్పీకర్లు ఒకే పెట్టెలో జానెడు దూరంలో ఉంటే స్టీరియో ఎక్కడ తెలుస్తది? హాల్లో నాలుగో వరసలో కూర్చున్నోళ్ళకి అంతా ఒక చోట నుంచే వస్తది. దానికంటే ఒక్కో స్పీకర్‌కి చిన్న పెట్టె చేయించి స్టేజి రెండు పక్కలా పెట్టుకోవడం మేలు కదా, ప్లైవుడ్ 18 ఎంఎందైతే చాలు.

ఒంగోలు_సోల్డర్:
దూరం పెడితే బాగుంటది, కాదనను. కానీ ఒకే పెట్టెలో పనికిరాదంటే ఒప్పుకోను. రోలాండ్ జేసీ 120 గిటార్ యాంప్ చూడండి, 1975 నుంచి ఉంది, ఒకే పెట్టెలో రెండు 12 ఇంచులు, ఒక్కోదానికి 60 వాట్ల యాంపు. కోరస్ ఆన్ చేస్తే ఒక స్పీకర్‌లో మామూలు సౌండు, రెండోదాంట్లో ఊగే సౌండు, ఆ రెండూ కలిసేది గాల్లో. ఆ నిండుదనం ఒక స్పీకర్‌లో కలిపి పంపితే రాదు. లెఫ్ట్ రైట్ విడిగా వినపడకపోయినా వాయించేవాడికి చుట్టూ వెడల్పు తెలుస్తది, డిలేకి కూడా అంతే.

కావలి_గిటార్:
థ్యాంక్స్ అన్నా, చాలా క్లియర్‌గా చెప్పినారు. ప్లేటు ఇనుపదే, చూసినా. స్పీకాన్ పెడతా. మరి పాత హెడ్ పెట్టాలంటే లోపల మళ్ళీ మార్చాల్నా? వాట్స్ సరిపోతాయా? వైర్ ఏది తీసుకోవాల?

నెల్లూరు_బేస్:
లోపల ముట్టుకోబాక. ఒక పొట్టి వై కేబుల్ చేసుకో, ఒక చివర హెడ్‌కి పోయే జాక్, ఇంకో చివర స్పీకాన్, దాంట్లో రెండు ప్లస్‌లు కలిపి రెండు మైనస్‌లు కలిపి. అప్పుడు పారలల్ అయి 4 ఓమ్స్ అవతాది, నీ హెడ్‌కి సరిగ్గా అంతే కావాల. ఆ కేబుల్‌కి ఎర్ర టేపు చుట్టి పెట్టు, పొరపాటున కూడా కొత్త బోర్డుకి తగిలించకూడదు.

వాట్స్ అంటావా, 24 వోల్టుల మీద 8 ఓమ్స్‌కి ఛానెల్‌కి 30 దగ్గర వస్తాయి. అడాప్టర్ 5 ఆంప్స్‌ది ఉంటే గట్టిగా కొట్టినప్పుడు సౌండ్ కుంగదు. చర్చి హాలుకి, మైకులు కూడా ఉంటాయి కాబట్టి, చాలు. స్పీకర్ల మీద రాసుండే వాట్స్ ఒక్కోటీ దానికంటే ఎక్కువే ఉండాల, అది చూసుకో.

ఒక్కటి మాత్రం మర్చిపోబాక, ఫేజ్, అంటే రెండు స్పీకర్లూ ఒకేసారి ఒకే వైపు కదలడం. 9 వోల్టుల బ్యాటరీ తీసుకొని ప్లస్‌ని ప్లస్‌కి మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించు, పేపర్ ముందుకు తన్నాల. రెండో స్పీకర్ కూడా అదే వైపు తన్నాల. ఒకటి ముందుకి ఒకటి వెనక్కి పోతే మీటర్ రీడింగులన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి గానీ బేస్ మొత్తం పల్చబడిపోతాది, ఎందుకో అర్థంకాక పెడల్‌ని తిట్టుకుంటా ఉంటావు.

వైర్ 1.5 ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్, నాలుగు కోర్లది అడుగు. గిటార్ కేబుల్ వాడబాక, లోపల తీగ వెంట్రుకలా ఉంటాది. స్పీకర్ లగ్గులకి కేవలం నొక్కి వదిలెయ్యకుండా సోల్డర్ కూడా పెట్టు, మన పక్క సముద్రపు గాలికి ఏడాది తిరక్కుండానే చిలుం పట్టి సౌండ్ గరగరమంటాది.