చిన్న వర్క్‌షాపుకి లీన్ పద్ధతి పనికొస్తుందా?

బాలానగర్ లేత్: మాది 14 మంది పనిచేసే మెషిన్ షాపు. 2023 మార్చిలో కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ తెచ్చిన లీన్ (అంటే పనిలో వృథా తగ్గించుకునే పద్ధతి) పథకంలో కన్సల్టెంట్ ఫీజు 90 శాతం ప్రభుత్వమే పెట్టుకుంటుంది. చేరదామనుకుంటున్నా. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ శీను: చేరకండి. మాకు ఆర్డర్లిచ్చే కంపెనీ లీన్ అని చెప్పి స్టాక్ పెట్టుకోవడం మానేసింది. ఆ స్టాకంతా ఇప్పుడు నా షెడ్డులో, నా బ్యాంకు వడ్డీ మీద ఉంది. ఫోన్ చేస్తే రెండు గంటల్లో బుష్‌లు గేటు దగ్గరుండాలి. బిల్లు మాత్రం 90 రోజులకి!

రిటైర్డ్ ఫోర్‌మన్: అది లీన్ కాదు శీను గారూ, బరువు మీ నెత్తిన పెట్టడం. అవసరానికి మించి తయారుచేయడమే అన్నిటికన్నా పెద్ద వృథా అని, లీన్‌కి మూలమైన టయోటా పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో మొత్తుకున్నది ఎవరి ఇంట్లో వృథా వాళ్లు తీసుకోమని.

ఆటోనగర్ శీను: స్టాక్ లేకపోతే ఏమవుతుందో 1997 ఫిబ్రవరిలో చూశాం కదా. టయోటాకి విడిభాగాలిచ్చే ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడితే ఒక్క బ్రేక్ వాల్వు లేక టయోటా లైన్లు ఆగిపోయాయి.

రిటైర్డ్ ఫోర్‌మన్: ఆగాయి. వారం తిరిగేసరికి నడిచాయి కూడా. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీతో సహా ఎందరో రేటు మాట్లాడుకోకుండానే ఆ వాల్వులు చేసిచ్చారు.

ఆటోనగర్ శీను: 45 రోజుల్లో డబ్బివ్వాలని చట్టం ఉన్నా ఇవ్వనివాడికి నేనెందుకు చేసిస్తాను?

కూకట్‌పల్లి కుమార్: మా దగ్గర కన్సల్టెంట్ ఉన్నన్నాళ్లు ఫొటోలు, వెళ్లాక మామూలే.

సీఎన్‌సీ ఆపరేటర్: మీరంతా స్టాక్ దగ్గరే ఆగిపోయారు. నా మాట వినండి. డ్రిల్ బిట్టు కావాలన్నప్పుడల్లా హెల్పర్ మా షాపు ఆ చివర ఉన్న స్టోర్‌కి పరిగెత్తేవాడు. మెషిన్ పక్కనే మేకులు కొట్టి, సైజు రాసి తగిలిద్దామని నేనే చెప్పా. పని తొందరగా తెమిలింది. రెండు నెలలకి ఆ హెల్పర్‌ని తీసేశారు. పెళ్లయి ఆర్నెల్లే. ఆ రోజు నుంచి ఏ ఐడియా వచ్చినా నోరు విప్పట్లేదు.

రిటైర్డ్ ఫోర్‌మన్: బాబూ, వాళ్లు చేసింది తప్పు. 1950లో టయోటాలోనూ మనుషుల్ని తీసేస్తే పెద్ద సమ్మె జరిగింది. అధ్యక్షుడు కీచిరో టొయోడా బాధ్యత తీసుకుని రాజీనామా చేశాడు.

సీఎన్‌సీ ఆపరేటర్: మా ఓనర్ చేయలేదండీ. బాలానగర్ అన్నా, ఒక్కటే అడుగుతున్నా. పని తగ్గితే మీ 14 మందీ ఉంటారా?

బాలానగర్ లేత్: లీన్ వల్ల ఎవరినీ తీయను, అది రాసిస్తాను. ఆర్డర్లే పడిపోతే మాత్రం మాటివ్వలేను తమ్ముడూ. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు.

సీఎన్‌సీ ఆపరేటర్: ఆ రెండోది కూడా వాళ్లకి ముందే చెప్పండి.

ఆటోనగర్ శీను: బిల్లుల సంగతి ఎవరూ మాట్లాడరేం?