'ప్రైడ్' గర్వమా, అభిమానమా? డార్సీకి సరిపడే తెలుగు మాట

ప్రశ్న:
జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని తెలుగు చేస్తున్నాను. 5వ అధ్యాయంలో బెన్నెట్ వాళ్ల అమ్మాయిల్లో ఒకతె, మేరీ, చిన్న ప్రసంగం చేస్తుంది. ప్రైడ్ వేరు, వానిటీ వేరు, జనం రెంటినీ ఒకటిగా వాడేస్తారు. మొదటిది మన గురించి మనం అనుకునేది, రెండోది మన గురించి ఎదుటివాళ్లు ఏమనుకోవాలని కోరుకుంటామో అది. ఇదీ సారాంశం. నిఘంటువుల్లో రెండింటికీ గర్వం, అహంకారం, డంబం అని కలిపేసి ఉన్నాయి. 'గర్వం వేరు, అహంకారం వేరు' అని రాస్తే తెలుగులో వాక్యం నిలబడటం లేదు. పుస్తకమంతటికీ పనికొచ్చే మాట ఏది?

మొదటి జవాబు:
ఆ అధ్యాయాన్నే మొదటినుంచీ చదవండి. డాన్సు మర్నాడు లూకస్ వాళ్లూ బెన్నెట్ వాళ్లూ చేరి కథానాయకుడు డార్సీని ఆడిపోసుకుంటున్నారు. రెండు మూడు పేజీల్లో ఐదుగురి నోట ఆ మాట వస్తుంది, ఐదు రుచులతో. మిసెస్ బెన్నెట్ నోట అది తిట్టు: 'ఆ మనిషికి ఒళ్లంతా పొగరేనని ఊరంతా అంటోంది.' షార్లెట్ లూకస్‌కి అది లెక్క: అందం, వంశం, ఆస్తి అన్నీ ఉన్నవాడు, గర్వపడే హక్కు అతనికుంది. ఎలిజబెత్‌కి (మేరీ అక్క, కథానాయిక) అది గాయం, డాన్సులో అతను ఆమెను తీసిపారేశాడు కనుక. మేరీకి పాఠం. చివర్లో లూకస్ వాళ్ల చిన్న కుర్రాడు అందుకుంటాడు: నాకే డార్సీ అంత డబ్బుంటే ఎంత పొగరున్నా పట్టించుకోను, వేటకుక్కల మందను పెంచుతా, రోజుకో సీసా వైన్ తాగుతా! నవల మొత్తం తేల్చబోయే మాటకి ఆస్టిన్ ముందుగానే ఐదు అర్థాలు పరిచి పెట్టింది. ఒక్క మాటతో కుట్టేస్తే ఐదుగురూ ఒకే మనిషిలా మాట్లాడతారు.

నేనైతే మిసెస్ బెన్నెట్‌కి, ఆ కుర్రాడికి 'పొగరు', షార్లెట్‌కి 'గర్వం', ఎలిజబెత్ తన గురించి చెప్పుకునేచోట 'అభిమానం' వాడతాను. 'ఆయన గర్వాన్ని క్షమించేదాన్నే, నా అభిమానాన్ని దెబ్బతీయకపోతే.' అభిమానం దెబ్బతినడం మనకి పుట్టు నుడికారం, అతకని చోటంటూ ఉండదు.

రెండో జవాబు:
అతుకుతుంది, కానీ అక్కడే మోసపోతాం. ఇంగ్లీషులో ఆమె 'ఆయన ప్రైడ్, నా ప్రైడ్' అని ఒకే మాట వాడింది. మీరు ఆయనకి గర్వం, ఆమెకి అభిమానం పంచేసరికి తీర్పు ఇచ్చేసినట్టయింది: అతనిది తప్పు, ఆమెది ఆత్మగౌరవం. 5వ అధ్యాయంలో ఎలిజబెత్ నమ్మకం సరిగ్గా అదే. అది తప్పని ఆమె తెలుసుకునేది 36వ అధ్యాయంలో, డార్సీ ఉత్తరం చదివాక. అనువాదకులు ముప్ఫై అధ్యాయాల ముందే ఆమె పక్షాన చేరిపోతే ఎలా?

ఒకే మాటతోనూ నుడికారం చెడకుండా రాయవచ్చు: 'ఆయన గర్వాన్ని ఇట్టే మన్నించేదాన్ని, నా గర్వం అణచకుండా ఉంటే.' అక్కడి ఇంగ్లీషు క్రియ 'మార్టిఫై'కి 'అణచడం' చక్కగా సరిపోతుంది. పైగా తెలుగులో గర్వం అణిగిందంటే అణగవలసిందే అణిగిందన్న చురక ఎప్పుడూ ఉంటుంది. ఎలిజబెత్ నవ్వుతూ అన్న మాటలో ఆ చురక ఆమెకే తగులుతుంది. రచయిత్రికి కావలసిందీ అదే.

మొదటి జవాబు ఇచ్చినవారు:
ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యం వరకు. 16వ అధ్యాయంలో మాత్రం అభిమానమే ఉండాలి. డార్సీ దానధర్మాలు చేసేది, కౌలుదార్లను ఆదుకునేది కుటుంబం మీది ప్రైడ్, తండ్రి మీది ప్రైడ్ వల్లనే అని అక్కడ డార్సీ మీద లేనిపోనివి చెప్పే సైనికాధికారి విక్‌హమ్ అంటాడు. చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకోవడానికి కూడా అన్నగా ఉన్న ప్రైడే కారణమంటాడు. దాన్ని 'వంశగర్వం' అంటే దానాలకి కారణం కనిపించదు. 'వంశాభిమానం' అంటే వెంటనే తెలుస్తుంది. అబద్ధాలకోరు నోట దొర్లిన నిజం అది. అభిమానంలో గౌరవం, ప్రేమ రెండూ ఉండబట్టే ఆ చోటు నిలుస్తుంది.

43వ అధ్యాయంలో డార్సీ ఇల్లు పెంబర్లీని చూపించే మిసెస్ రేనాల్డ్స్ మాట కూడా చూడండి. కొందరు ఆయనకి గర్వం అంటారట, నాకెప్పుడూ కనిపించలేదు, మిగతా కుర్రాళ్లలా వాగడు కాబట్టి అలా అనుకుంటారేమో అంటుంది. ఇక్కడ ఊళ్లో చెప్పుకునే 'గర్వం' అనే మాటే కావాలి, ఎందుకంటే ఆమె ఖండిస్తున్నది ఆ పుకారునే. 59లో ఎలిజబెత్ తండ్రికి చెప్పేదాన్ని 'లేనిపోని గర్వం ఆయనకి లేదు' అనవచ్చు. ఉండదగిన గర్వం కొంత ఉందని అందులోనే ఒప్పుకోలు ఉంది.

ప్రశ్న అడిగినవారు:
వానిటీ సంగతి? 'డాబు' అనుకున్నాను.

రెండో జవాబు ఇచ్చినవారు:
డాబు 5వ అధ్యాయంలో సరిపోతుంది, 36లో విరిగిపోతుంది. వానిటీకి మూడు చోట్లు ముఖ్యం: మేరీ పాఠం, 11లో వానిటీ బలహీనతే గానీ నిజమైన ఆధిక్యం ఉన్నచోట ప్రైడ్ అదుపులోనే ఉంటుందని డార్సీ అనడం, 36లో ఎలిజబెత్ తనమీద తానే చెప్పుకునే తీర్పు. ఈ మూడూ ఒకే మాటతో ముడిపడాలి. 36లో ఆమె ఒప్పుకునేదేమిటంటే, తన తెలివితక్కువతనానికి కారణం ప్రేమ కాదు, వానిటీ. ఒకడు (విక్‌హమ్) ఆదరించాడని మురిసిపోయి, ఇంకొకడు (డార్సీ) పట్టించుకోలేదని ఉడుక్కుంది. ఇందులో డాబు ఎక్కడుంది? ఆమె ఏ గొప్పలూ చూపించలేదు. ఎదుటివాడి మెప్పు దొరికితే లొంగింది, దొరక్కపోతే కక్ష కట్టింది. 'మెప్పు యావ' అంటే మూడు చోట్లా నడుస్తుంది.

మాట స్థిరంగా ఉంచాలంటే ముందుగా ఒక జాబితా వేసుకోవాలి. ప్రైడ్, వానిటీ వచ్చిన ప్రతిచోటా నాలుగు విషయాలు రాయండి: ఎవరన్నారు, ఎవరి గురించి, పొగడ్తా తెగడ్తా, ఆ పాత్రకి అప్పటికి తెలిసినదెంత. నాలుగోది వదిలేస్తారు చాలామంది, తప్పులన్నీ అక్కడే పుడతాయి. ఇంకొక జాగ్రత్త: 1813 నాటి మొదటి ముద్రణ మూడు సంపుటాలు, 23, 19, 19 అధ్యాయాలు, ప్రతి సంపుటంలోనూ లెక్క మళ్లీ ఒకటి నుంచే. వరసగా 61 వేసిన ప్రతిని ఎదురుగా పెట్టుకోకపోతే జాబితా తారుమారవుతుంది.

(మాటవరసకి: 'నిన్ను చూస్తే గర్వంగా ఉంది' అనే వాడుక ఇప్పుడు మంచి అర్థంలో స్థిరపడింది. గర్వభంగం, గర్వాంధుడు వంటి మాటల్లో పాత చెడ్డ అర్థం అలాగే ఉంది. ఈ రెండు అంచులూ ఉండటం మనకి ఇక్కడ కలిసొచ్చింది.)

మూడో జవాబు:
శీర్షికలో రెండో సగాన్ని అందరూ వదిలేశారు. ప్రెజుడిస్‌ని 'దురభిప్రాయం' అంటే డార్సీ విషయంలో సరే, విక్‌హమ్ మాటేమిటి? అతని మీద ఆమెకున్నది సదభిప్రాయం, అదీ అంతే గుడ్డిది. 'పక్షపాతం' అంటే విక్‌హమ్‌కి సరిపోయి డార్సీని వదిలేస్తుంది. విచారించకముందే ఇచ్చిన తీర్పు అనేది లాటిన్ మూలార్థం. 'ముందే కట్టుకున్న అభిప్రాయం' అంటే రెండు వైపులా పనిచేస్తుంది, కాస్త పొడుగైనా. ఈ కథ తొలి రూపాన్ని ఆస్టిన్ 1796-97లో రాసినప్పుడు పేరు 'ఫస్ట్ ఇంప్రెషన్స్', అంటే తొలిచూపు అభిప్రాయాలు. ఇప్పటి శీర్షికలోని జంట మాటలు ఫ్యానీ బర్నీ 'సిసీలియా' (1782) చివర్లో పెద్దక్షరాల్లో ఉన్నాయి. గర్వం అతనికీ, ప్రెజుడిస్ ఆమెకీ అని చెరొకటి పంచడం పరీక్షల గైడు లెక్క. పైవారు చూపించినట్టు ఇద్దరికీ రెండూ ఉన్నాయి.

షార్లెట్ అన్న 'హక్కు' వెనక పౌండ్లున్నాయి. డార్సీ ఆదాయం ఏడాదికి 10,000, అతని స్నేహితుడు బింగ్లీది 4,000 నుంచి 5,000, బెన్నెట్‌ది 2,000. అదీ మగసంతానం లేక బంధువు కాలిన్స్‌కి పోయే ఆస్తి. వీటిని నేటి రూపాయల్లోకి మార్చి అడుగున రాయకండి, పదేళ్లలో ఆ అంకె పాతబడుతుంది. ఒక డార్సీకి ఐదుగురు బెన్నెట్లు అన్న నిష్పత్తి పాఠకుడికి అందితే చాలు. 19వ అధ్యాయంలో కాలిన్స్ ఎలిజబెత్‌ని పెళ్లి అడుగుతూ, మీ వాటా నాలుగు శాతం వడ్డీ ఇచ్చే ప్రభుత్వ పత్రాల్లో వెయ్యి పౌండ్లు, అదీ మీ అమ్మగారి తరవాతే అని గుర్తుచేస్తాడు. ఏడాదికి 40 పౌండ్లు! అది విని కూడా అతన్ని కాదని, 34లో పదివేల పౌండ్లవాణ్ణీ కాదన్న పిల్లకున్నది గర్వమా అభిమానమా అన్నది మళ్లీ మొదటికొచ్చింది. 34 వరకు నేను మొదటివారి పక్షం.

నాలుగో జవాబు:
ప్రైడ్ కంటే ప్రమాదకరమైనవి రెండున్నాయి, అర్థం తెలుసనుకుని దాటేసేవి. 14వ అధ్యాయంలో కాలిన్స్ తన పోషకురాలు, డార్సీ బంధువు లేడీ కేథరిన్ 'కండిసెన్షన్'ని పొగుడుతాడు. నేటి అర్థం పట్టుకుని 'చిన్నచూపు' అని రాస్తే అతను ఫిర్యాదు చేస్తున్నట్టుంటుంది. ఆనాడు అది మెచ్చుకోలు: అంతటివారు దిగివచ్చి మనలాంటివాళ్లతో మాట్లాడటం. 'ఎంతటివారో, అయినా నాతో ఎంత కలుపుగోలుగా మాట్లాడారనీ!' అంటే కాలిన్స్ భక్తీ మన నవ్వూ రెండూ మిగులుతాయి.

రెండోది జేన్‌కి 4వ అధ్యాయంలో చెల్లెలు ఎలిజబెత్ అంటగట్టే 'కాండర్'. ఇప్పుడది నిర్మొహమాటం. ఆ మాట రాస్తే జేన్ తలకిందులైపోతుంది, ఎవరి గురించీ చెడు మాటాడని పిల్ల కదా. ఎలిజబెత్ తానే విప్పి చెబుతుంది: అందరిలో మంచినే తీసుకుని ఇంకా మెరుగుపెట్టి, చెడు ఊసెత్తకపోవడం. 'మంచినే ఎంచే గుణం' అనండి.

ఇక నువ్వు, మీరు. ఇంగ్లీషు ఒకే మాటలో దాచేసినదాన్ని తెలుగు బయటపెట్టక తప్పదు. మిసెస్ బెన్నెట్ మొగుణ్ణి 'ఏమండీ' అంటుంది, ఆయన నువ్వు అంటాడు. వెటకారం ముదిరినచోట 'తమరు' అంటే భలే పేలుతుంది. 56లో లేడీ కేథరిన్ నువ్వు అంటూ గద్దిస్తుంటే ఎలిజబెత్ మీరు అంటూనే ఎదిరించాలి. డార్సీ, ఎలిజబెత్ చివరిదాకా మీరులోనే ఉండాలి. 58లో ఆమె ఒప్పుకున్నాకే అతను ముద్దుగా ఎలిజబెత్ అని పేరు పెట్టి పిలుస్తాడు, ఆమెకి అతను అప్పుడూ మిస్టర్ డార్సీయే. పెళ్లి కుదిరిందని నువ్వులోకి దూకితే మన సినిమా అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మేరీ మాట ఇలా రాశాను: 'గర్వం వేరు, మెప్పు యావ వేరు. జనం రెండూ ఒకటే అనుకుంటారు. గర్వం ఉన్నవాళ్లందరికీ మెప్పు యావ ఉండాలని లేదు. మన గురించి మనం అనుకునేది గర్వం, ఎదుటివాళ్లు అనుకోవాలని కోరుకునేది మెప్పు యావ.'

రెండో జవాబు ఇచ్చినవారు:
అర్థం సరిగ్గా ఉంది, మనిషి మారిపోయింది. ఇంత తేటగా మాట్లాడితే ఆమె మేరీ ఎందుకవుతుంది? గొప్ప పుస్తకాలు చదివి సారం ఎత్తి రాసుకునే పిల్లవని తండ్రి 2వ అధ్యాయంలోనే ఎత్తిపొడుస్తాడు. ఇంటిల్లిపాదీ వాడుకభాషలో మాట్లాడుతుంటే ఆమె ఒక్కతే గ్రాంథికంలో మాట్లాడాలి. మనకున్న ఈ రెండు భాషల సదుపాయం ఇంగ్లీషుకి లేదు, ఎందుకు వదులుకోవాలి? 'గర్వమును, మెప్పుకాంక్షయు భిన్నములు. లోకులు వానిని పర్యాయపదములుగా వాడుచుందురు.' కాలిన్స్ ఉత్తరానికీ ఇదే మందు, 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టండి.

నాలుగో జవాబు ఇచ్చినవారు:
మెప్పుకాంక్ష అటు సంస్కృతమూ కాదు ఇటు తెలుగూ కాదు, చెవికి అతుకులా ఉంది. ప్రశంసాకాంక్ష అనాలి.

రెండో జవాబు ఇచ్చినవారు:
ప్రశంసాకాంక్ష అంటే 36లో ఎలిజబెత్ 'మెప్పు యావ' అన్నప్పుడు ముడి తెగిపోతుంది. 'మెప్పు' ఉండి తీరాలి. అతుకంటారా, మేరీ తప్ప ఇంకెవరు అలా అతికిస్తారు?